షియాన్‌లో తొలి పాఠం

గుంటూరు ప్రాంతపు కళాశాలలలో పదేళ్లపాటు ఆంగ్లం బోధించిన తరువాత, 2007 ఆగస్టు చివరి వారంలో నేను చైనా దేశానికి బయలుదేరాను. షాన్సీ రాష్ట్ర రాజధాని షియాన్ నగరంలో ఒక కళాశాల నన్ను ఆంగ్లోపాధ్యాయునిగా పిలిచింది. బోధన విషయంలో నేను కొత్తగా నేర్చుకోవలసినదేమీ లేదన్న ధీమాతోనే విమానమెక్కాను.

విదేశీయులు ఊరు చేరగానే తమ నివాసాన్ని పోలీసు కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. నా దరఖాస్తులో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత ఉండడం చూసి అక్కడి ఉద్యోగిని ముచ్చటపడింది. చైనీయులు కూడా మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పుకొంటారు. ఆ పరాయి దేశంలో నాకు దొరికిన తొలి చుట్టరికం అది.

భోజనం దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. నేను శాకాహారిని. షియాన్ గోధుమల సీమ. అక్కడ అన్నం కన్న రొట్టెలు, నూడుల్స్ ఎక్కువ. చివరకు 'లియాంగ్‌పీ' అనే చల్లని నూడుల్స్ నన్ను ఆదుకొన్నాయి. వాటిలో కలిపే మిరపనూనె ఘాటు నాలుకకు తగలగానే ఇల్లు గుర్తుకువచ్చింది.

సెప్టెంబరులో తరగతులు మొదలయ్యాయి. నేను లోపలికి అడుగుపెట్టగానే యాభైమంది విద్యార్థులు ఒక్కసారిగా లేచి, "లావోషి హావ్" అన్నారు. 'గురువుగారూ, నమస్కారం' అని దాని అర్థం. ఆ తరువాత అంతా మౌనమే. వ్యాకరణం వారికి కరతలామలకం, వ్రాత ముత్యాలకోవ. కాని ప్రశ్న అడిగితే తలలు వంచుకొనేవారు. నలుగురిలో తప్పు చేసి చిన్నబోవడాన్ని వారు 'ముఖం పోగొట్టుకోవడం' అంటారు. ఆ భయం ఎంతటిదో నేను గ్రహించలేదు. ఒకనాడు చివరి వరుసలోని విద్యార్థి ఎట్లాగో ధైర్యం చేసి ఒక వాక్యం మొదలుపెట్టగా, మధ్యలోనే ఆపి అతని ఉచ్చారణను సరిదిద్దాను. అతడు కూర్చుండిపోయాడు. మళ్లీ తలెత్తలేదు.

సెప్టెంబరు 10 అక్కడి ఉపాధ్యాయ దినోత్సవం. ఆనాడు నా బల్లమీద పూలగుత్తి, చక్కని ఆంగ్లంలో వ్రాసిన శుభాకాంక్షల చీటీ ఉన్నాయి. ఎవరు పెట్టారని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. నావల్ల వీరికి ప్రయోజనం లేదనిపించి, ఆ రాత్రి రాజీనామా పత్రం వ్రాసి పెట్టుకొన్నాను.

మరునాడు కూరగాయల అంగడికి వెళ్లాను. చైనా భాషలో ఒకే మాట స్వరాన్నిబట్టి అర్థం మారుతుంది. 'మాయ్' అన్న మాటను స్వరం దించి లేపి పలికితే 'కొనడం'. పైనుండి కిందికి విసురుగా దించితే 'అమ్మడం'. వంకాయలు కొంటానని చెప్పబోయి, అమ్ముతానన్నాను. అంగడిలోని పెద్దావిడ నా ఖాళీ సంచివైపు చూసి విరగబడి నవ్వింది. తన పీట నావైపు జరిపి, కూర్చొని అమ్ముకోమన్నట్లు సైగ చేసింది. చుట్టూ ఉన్నవారూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. నోట మాట రాలేదు. నా విద్యార్థులు ప్రతిదినం ఏ భయంతో నా ఎదుట కూర్చొంటున్నారో అప్పుడు అర్థమయింది.

తరువాతి తరగతిలో పుస్తకం తెరవలేదు. అంగడిలో జరిగినదంతా చెప్పి, ఆ తప్పును అట్లాగే మళ్లీ పలికాను. తరగతి గొల్లుమన్నది. "ఎక్కడ తప్పానో ఆంగ్లంలో చెప్పండి" అన్నాను. చాలాసేపటికి చివరి వరుసలో ఆ విద్యార్థే లేచాడు. "గురువుగారూ, మీ గొంతు ముందు కిందికి దిగాలి, తరువాత పైకి ఎక్కాలి" అన్నాడు. అతని వాక్యంలో రెండు దోషాలున్నాయి. నేను సరిదిద్దలేదు, అతడు చెప్పినట్లే పలికాను. తరగతి చప్పట్లు కొట్టింది. ఆనాటినుండి మొదటి అయిదు నిమిషాలు వారు నాకు గురువులు. ఆంగ్లంలో నాకు చైనా భాష నేర్పుతూ, తమకు తెలియకుండానే ఆంగ్లం మాట్లాడసాగారు. రాజీనామా పత్రం వెనుకవైపు నేను కొత్త మాటలు వ్రాసుకొన్నాను.

నవంబరులో చలి ముదిరింది. ఒక ఆదివారం విద్యార్థులు నన్ను పెద్ద అడవిబాతు గోపురానికి తీసుకొనిపోయారు. హ్యూయాన్‌త్సాంగ్ భారతదేశంనుండి తెచ్చిన బౌద్ధ గ్రంథాలను భద్రపరచడానికి 652లో దానిని కట్టారు. ఆ యాత్రికుడు మా ప్రాంతంలోని ధాన్యకటకానికి వచ్చాడనీ, అప్పటికే గొప్ప పండితుడై ఉండికూడా అక్కడి భిక్షువుల వద్ద కొంతకాలం చదువుకొన్నాడనీ, తనకు తెలిసినది వారికి బోధించాడనీ నేను చెప్పాను. ఆ సాయంత్రం వారు ఆంగ్లంలో అడిగిన ప్రశ్నలకు లెక్కలేదు. చివరి వరుస విద్యార్థి అందరికన్న ఎక్కువ అడిగాడు.

బోధించడానికి వెళ్లిన చోట విద్యార్థిగా మారగలిగినప్పుడే ఆ నగరం నాకు సొంత ఊరయింది. తప్పు చేయడానికి గురువు వెనుదీయని తరగతిలో, మాట్లాడడానికి శిష్యుడు వెనుదీయడు. షియాన్ నాకు నేర్పిన తొలి పాఠం ఇదే.