పనికిరాని పైసలు

చలామణి తప్పిన నాణెమునకు మన ప్రాంతమున రెండే గతులు. వెండిదైనచో సరాఫు దుకాణము, కానిచో డబ్బా అడుగు. మోమిన్‌పేట్ చుట్టుపట్ల గ్రామములలో ఏ పాత సందూకు తెరచినను గుడ్డమూటలోనో, రేకు డబ్బాలోనో గుప్పెడు నాణేలు కనబడును. వాటిని పారవేయుటకు చేతులు రావు, దాచుటకు కారణము తోచదు. మా దాదీమా గతించిన పిదప అట్టి డబ్బా యొకటి మా యింటి పెద్దల ముందునకు వచ్చినది. ఆ సందర్భమున మేము తెలిసికొన్న సంగతులు తోటి విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును కొంత ఉపయోగపడగలవని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

డబ్బాలో మూడు కాలముల నాణేలు కలసి యుండెను. అన్నిటికంటె పాతవి నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కాలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, అనగా రూపాయికి 192 పైలు. బ్రిటిషు వారి రూపాయిని ఇచ్చటివారు కల్దార్ అనెడివారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానము. నూరు కల్దార్లు కావలెనన్న 116 రూపాయల 10 అణాల 8 పైలు చెల్లింపవలెను. ఈ లెక్కను మా దాదాజాన్ కాగితము లేకయే చెప్పెడివారట. నేడు యంత్రము చేతనున్న మాకు కాగితము కూడ కావలసి వచ్చినది.

ఆ రూపాయిపై చార్మినారు బొమ్మ యుండును. దాని ద్వారము నడుమ ఒక చిన్న అక్షరము కలదు. 'మీమ్' ఉన్నచో అది మీర్ మహబూబ్ అలీఖాన్ నాటిది. 'ఐన్' ఉన్నచో 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ నాటిది. ఆ నాణెముపై ఆసఫ్‌జాహ్ బిరుదముతో పాటు 92 అను సంఖ్య కనబడును. అబ్జద్ లెక్క తెలిసినవారికి దాని అర్థము చెప్పనక్కరలేదు: మీమ్ 40, హే 8, మరల మీమ్ 40, దాల్ 4, కూడినచో ప్రవక్త నామము. మా యింట ఉర్దూ చదువగల చివరి మనిషి దాదీమాయే. తెలుగు, ఇంగ్లీషు మాధ్యమములలో చదివిన మేము నాణెమును తలక్రిందుగా పట్టుకొని చూచుచుండగా, పొరుగింటి ఉర్దూ పండితులు నవ్వి, సరిగా త్రిప్పి చేతికిచ్చినారు. హిజ్రీ సంవత్సరమును 0.97 చేత గుణించి 622 కలిపినచో క్రీస్తు శకము రమారమి వచ్చునని వారే చెప్పిరి. ఆ ప్రకారము 1362 అని యున్న తూటు పైసా 1943 నాటిదని తేలినది.

రెండవ కాలము 1957 ఏప్రిల్ 1 నుండి వచ్చిన నయా పైసలది. 1964లో 'నయా' అను మాట తొలగిపోయి వట్టి పైసలైనవి. అల్యూమినియము ఒక పైసా నలుచదరము, రెండు పైసలది అలల అంచు, మూడు పైసలది ఆరు మూలలు. చీకటిలో తడిమినను పోల్చుకొనవచ్చును. ఒక పైసా బిళ్ళ ముక్కాలు గ్రాము తూగును. నూరు బిళ్ళలు కలిపినను 75 గ్రాములే! మూడవవి పావలాలు. పావలా, అంతకు తక్కువ విలువగల నాణేలన్నియు 2011 జూన్ 30 నుండి చెల్లకపోయినవి. అర్ధరూపాయి మాత్రము చట్టరీత్యా నేటికిని చెల్లును గాని, అంగడిలో కూరగాయలమ్మ దానిని చూచి ముఖము త్రిప్పుకొనును.

ఇక అసలు విషయము. ఆ యేడు మా చెల్లెలికి నర్సింగు కళాశాలలో సీటు వచ్చినది. హాస్టలు రుసుము కట్టు గడువు దగ్గర పడినది. సరిగా అప్పుడే మా చాచాజాన్ ఫోనులో ఒక ప్రకటన వచ్చినది. ఫలానా నాణెమునకు లక్షలు ఇచ్చెదమనియు, ముందుగా నమోదు రుసుము, పన్ను పంపవలెననియు దాని సారాంశము. రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర కూడ వేసియుండిరి. ఇంటిల్లిపాది ముఖములు వికసించినవి. అమ్మీ గాజులు కుదువ పెట్టి ఆ రుసుము పంపవలెనను మాట కూడ వచ్చినది. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు తానట్టి వ్యవహారము లేవియు చేయదనియు, తన పేర రుసుములు వసూలు చేయు అధికారము ఎవరికిని ఇయ్యలేదనియు బహిరంగముగా హెచ్చరించియున్నది. ఆ ప్రకటనను మేము చాచాజాన్‌కు రెండుసార్లు చదివి వినిపించితిమి. గాజులు చేతికే నిలిచినవి. కొనువాడు అమ్మువానిని ముందుగా డబ్బడుగుట యేమి వ్యాపారమో ఆలోచింపుడు.

నాణెముల ధర వయస్సును బట్టి రాదు. ఎన్ని ముద్రింపబడినవి, ఎన్ని మిగిలినవి, అరుగుదల యెంత అనువాటిని బట్టి వచ్చును. కోట్లలో ముద్రించిన పైసా బిళ్ళను ఎవరు కొందురు? తపాలా ఖర్చు కూడ రాదు. చారాణా కోడికి బారాణా మసాలా యన్నట్లగును. మరొక మాట. చింతపండుతో, బూడిదతో తోమి మెరిపించిన నాణెమును సేకరణకర్త ముట్టడు. మా అమ్మీ తోముటకు చింతపండు నానబెట్టగా మేము గిన్నెను వంటయింటికి మరలించితిమి; ఆ పూట చారు అయినది.

వెండివి ఐదు రూపాయలు తేలినవి. హాలీ రూపాయి బరువు 11 గ్రాములకు పైచిలుకు. అందు వేయింటికి 818 పాళ్ళు వెండి, అనగా సుమారు 9 గ్రాములు. మేము పోయిన మొదటి దుకాణదారు సగము వెండియే యని త్రాసు ప్రక్కకు నెట్టినాడు. లెక్క వ్రాసిన కాగితము చూపగా మాట మార్చినాడు గాని, మేము నిలువక వికారాబాదులో మరియొక దుకాణమునకు పోయితిమి. అచ్చట గీటురాయిపై చూచి సరియైన ధర కట్టినారు. మూడు రూపాయలు అమ్మితిమి. హాస్టలు రుసుములో ఒక భాగము దానితో తీరినది, మిగిలినది అప్పు. తక్కిన రెండును దాదీమా పెండ్లినాడు మూఁ దిఖాయీకి వచ్చినవి. వాటిని అమ్ముదమని ఎవరును అనలేదు; అనకుండుట కష్టముగనే యుండెను.

జెద్దాలోని మా బావగారు పాతవి తనకు పంపుమనిరి. నూరేండ్లు దాటిన నాణెము 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువు; దానిని దేశము దాటించుట సామాన్యునకు తగదు. కనుక మహబూబ్ అలీఖాన్ నాటి నాణేలు ఇచ్చటనే నిలిచినవి. పొలము దున్నునపుడు దొరకిన పాత నాణేల సంగతి వేరు. వాటి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది.

తండాలలోని లంబాడీ అక్కలు చెల్లని పావలాలకు మంచి దారి చూపిరి. వాటిని అద్దాల ప్రక్కన కుట్టుకొని పండుగకు తొడుగుదురు. మా డబ్బాలోని పావలాలలో ముప్పది అట్లే పోయినవి.

కమిటీ పెద్దలకు మా మనవి యొకటి. హైదరాబాదు సైఫాబాదులోని పాత టంకశాలలో 2022 జూన్‌లో నాణేల ప్రదర్శనశాల తెరచినారు. అంతటిది మేము కోరుట లేదు. గ్రంథాలయమున గాజు తలుపుల బీరువా ఒక అర చాలును. ప్రతి విద్యార్థియు ఇంటినుండి ఒక్క నాణెము తెచ్చినను అది నిండును. చీటీలను ఉర్దూ విభాగము వారు చదివి వ్రాయుదురు, తెలుగు విభాగము వారు తెలుగు చేయుదురు. మా వంతుగా తూటు పైసలు నాలుగు, చదరపు అణా ఒకటి, మహబూబ్ అలీఖాన్ నాటి నాణేలు రెండు కాగితములో చుట్టి ఉంచితిమి. నలుచదరపు పైసా బిళ్ళలు మాత్రము ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని కూడికలు నేర్పుటకు అడిగిరి. అరవై రెండు లెక్కపెట్టి ఇచ్చితిమి.