చిట్టిమల్లు మళ్లీ బరిలోకి!

చిట్టిమల్లు ఓడిపోతుంది. నిరుడు ఓడింది. అంతకు ముందేడూ ఓడింది. రాబోయే కార్తిక అమావాస్యతో మొదలయ్యే ఉత్సవాల్లో నాలుగో రోజున బరిలోకి దిగి మళ్లీ ఓడుతుంది. ఆ సంగతి కారంపూడిలో చంటిపిల్లాడికీ తెలుసు. అయినా ఆ రోజు బరి చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం!

చిట్టిమల్లు బ్రహ్మనాయుడి పుంజు. దాని ప్రత్యర్థి నాగమ్మ పుంజు సివంగి డేగ. ఒకటి మాచర్ల వైపు, ఇంకొకటి గురజాల వైపు. ఈ రెండు ఊళ్ల మధ్య ప్రయాణం గంటకు కాస్త అటూ ఇటూ. మధ్యలో తగిలే రెంటచింతల మండు వేసవిలో రాష్ట్రంలోనే ఎక్కువ ఎండ కాసే ఊళ్లలో ఒకటిగా ఏటా వార్తల్లోకెక్కుతుంది. దారి పొడవునా నాపరాళ్ల గోడలు, మిరప చేలు, పత్తి చేలు. ఆ చేలకు నీళ్లిచ్చేది నాగార్జునసాగర్ కుడి కాలువ.

క్రికెట్ అభిమానులకు పాత వైరమంటే యాషెస్. 1882లో ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా చేతిలో ఇంగ్లండ్ ఓడితే, ఇంగ్లిష్ క్రికెట్ చచ్చిపోయిందంటూ ఓ పత్రిక వేళాకోళంగా వేసిన సంతాప ప్రకటనతో ఆ పేరు పుట్టింది. అక్కడ పరువంతా అరచేతిలో ఇమిడే ఓ బూడిద పాత్రలో ఉంది. పల్నాటి వైరం దానికన్నా ఏడు వందల ఏళ్లు పెద్దది. ఇక్కడ పందెం కాసింది ఏకంగా రాజ్యాన్ని!

ఏడేళ్ల పందెం

కథ తెలియని తెలుగువారు తక్కువే. హైహయ వంశపు అనుగురాజు కొడుకులు నలగామరాజు, మలిదేవరాజు. తల్లులు వేరు. నలగాముడి కొలువులో నాగమ్మ పట్టు పెరిగింది. తండ్రి కాలం నుంచీ మంత్రిగా ఉన్న బ్రహ్మనాయుడికి అది పొసగలేదు. రాజ్యం రెండయింది. గురజాల అన్నది, మాచర్ల తమ్ముడిది. ఆ తర్వాత వచ్చింది కోడిపందెం. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లాలి.

చిట్టిమల్లు ఓడింది. నాగమ్మ కుట్రతో గెలిచిందని చెప్పే కథనాలున్నాయి. కుట్రయినా కాకపోయినా బ్రహ్మనాయుడు మాట తప్పలేదు. మలిదేవుణ్ని వెంటబెట్టుకుని వలస పోయాడు. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని అలరాజును రాయబారం పంపారు. అతను నలగాముడికి స్వయానా అల్లుడు. అయినా ప్రాణాలతో తిరిగి రాలేదు. చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారంటారు. అక్కణ్నుంచి కథ ఆగలేదు. 1180 ప్రాంతంలో కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున అన్నదమ్ముల సేనలు తలపడ్డాయి. బాలచంద్రుడు సహా వీరులెందరో అక్కడే ఒరిగిపోయారు. చివరికి బ్రహ్మనాయుడు నలగాముణ్నే గద్దె మీద ఉంచి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెబుతారు.

అంటే ఇంత రక్తపాతం తర్వాత సింహాసనం మీద మిగిలింది మొదట కూర్చున్న మనిషే!

కారంపూడిలో అయిదు రోజులు

ఈ కథను పుస్తకంలో చదవడం వేరు, కారంపూడిలో చూడటం వేరు. వీరారాధన ఉత్సవాలు అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఒక్కో రోజుకు ఒక్కో పేరు. రకరకాల ఊళ్ల నుంచి వీరాచారవంతులు తరలివస్తారు. తమ ఇళ్లలో తరతరాలుగా పూజలందుకునే వీరుల ఆయుధాలను భుజాన వేసుకుని తెస్తారు. వాటిని కొణతాలంటారు. వాటితో వీరుల గుడికీ, చెన్నకేశవుడికీ, అంకాళమ్మకూ మొక్కుతారు. డప్పు మోగుతుంటే పూనకం వచ్చినవాళ్లను నలుగురు పట్టుకున్నా ఆపలేరు.

జాగ్రత్తగా గమనిస్తే ఓ తమాషా ఉంది. కథలో ముందు కోడిపందెం, ఆ తర్వాత రాయబారం. ఉత్సవంలో రాయబారం రెండో రోజు, కోడిపోరు నాలుగో రోజు! పండక్కి వరస కన్నా బరువు ముఖ్యం కాబోలు. యుద్ధం ముగిసే కల్లిపాడుకు ముందురోజు, జనం బాగా చేరాక, అన్నిటికీ మూలమైన ఆ పందెం వస్తుంది.

మూడో రోజు మందపోరు. పశువుల మందను కాస్తూ నేలకొరిగిన లంకన్నను తలుచుకునే రోజది. చాపకూడు కూడా అప్పుడే. కులం అడక్కుండా అందరినీ ఒక్క బంతిన కూర్చోబెట్టి అన్నం పెట్టిన ఘనత బ్రహ్మనాయుడిదని పల్నాడు గర్వంగా చెప్పుకుంటుంది. మాల కులానికి చెందిన కన్నమదాసును ఆయన కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడనీ చెబుతారు. ఈ కథను నిలబెట్టింది కూడా ఆ వాడలే. శ్రీనాథుడి పేరున ఉన్న 'పల్నాటి వీరచరిత్ర'ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించేదాకా, ఆ తర్వాతా ఈ గాథను గొంతులో దాచుకున్నది వీరవిద్యావంతులు. వాళ్లలో ఒకరైన అలిశెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసుకుని, జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు 1982లో ఇంగ్లిష్‌లో పెద్ద పుస్తకమే తెచ్చారు.

నాగమ్మ కోసం ఎవరు?

ఇంత పాత పోటీలో జనం మొగ్గు ఎప్పుడూ ఓడినవాళ్ల వైపే. పాటలు బ్రహ్మనాయుడి పక్షం. సినిమాలూ అంతే. కానీ 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ, 1966లో అదే పేరుతో వచ్చిన సినిమాలో భానుమతి నాగమ్మ వేషం కట్టాక ప్రేక్షకులు ఆమెను మామూలు దుష్టపాత్రగా చూడలేకపోయారు. పన్నెండో శతాబ్దంలో ఓ ఆడమనిషి మంత్రిగా నిలిచి, మగవాళ్ల కొలువును శాసించడం చిన్న విషయమా? ఇప్పుడామెను తెలుగునాట తొలి మహిళా మంత్రిగా చెప్పుకొనేవాళ్లు పెరిగారు. సివంగి డేగ గెలుపు ఎనిమిది వందల ఏళ్లకు న్యాయమైన గెలుపు అనిపించుకుంటోంది!

ఇక చిక్కంతా 'పల్నాటి పౌరుషం' అన్న మాటతోనే. కక్షలకూ, బాంబులకూ, ఎన్నికల కొట్లాటలకూ ఈ మాటను అడ్డం పెట్టుకోవడం ఇక్కడి నాయకులకు అలవాటే. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఆ పేరుకు దక్కిన గౌరవం చూసి సంబరపడ్డారు. రెండేళ్లు తిరగ్గానే, 2024 మే 13న పోలింగు నాడూ ఆ తర్వాతా మాచర్ల, గురజాల, నరసరావుపేట నియోజకవర్గాలు భగ్గుమన్నాయి. 144వ సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసింది. అప్పుడు బయటికొచ్చిన కర్రలకూ, రాళ్లకూ వీరుల ఆయుధాలతో ఏ చుట్టరికమూ లేదు. పందెం ఓడితే ఏడేళ్లు ఊరు విడిచి వెళ్లిన మనిషి కథ విని పెరిగినవాళ్లు, ఓట్లు లెక్క పెట్టేదాకా కూడా ఆగలేకపోయారు.

కోడిపోరుకు మరో పరీక్ష కూడా ఉంది. జంతుహింస నిరోధానికి 1960లో వచ్చిన కేంద్ర చట్టం, జూదంపై 1974 నాటి రాష్ట్ర చట్టం కోడిపందేలను ఒప్పుకోవు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కూడా పందేలను కట్టడి చేయాలని గట్టిగా చెప్పింది. 2023 మేలో సుప్రీంకోర్టు జల్లికట్టుకు తమిళనాడు చేసుకున్న చట్ట సవరణను సమర్థించింది. కోడికి అలాంటి అండ దొరకలేదు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కత్తులు కట్టి, లక్షలు కాసే పందేలకూ కారంపూడి కోడిపోరుకూ పోలిక లేదు. ఇక్కడ జనాన్ని రప్పించేది సొమ్ము కాదు. ఫలితం ముందే తెలిసిన ఆట మీద పందెం కాసేవాడెవడు? అయినా చట్టం ముందు పుంజు పుంజే. ఉత్సవం నిలవాలంటే పుంజులు ఒకదాన్నొకటి చంపుకోనక్కర్లేదు. కథ చెప్పడానికి వాటిని ఎదురెదురుగా నిలబెడితే చాలు.

అయిదో రోజు కల్లిపాడుతో కొణతాలు మళ్లీ ఇళ్లకు బయల్దేరతాయి. కారంపూడి బస్టాండులో మాచర్ల వెళ్లేవాళ్లూ, గురజాల వెళ్లేవాళ్లూ ఒకే టీ కొట్టు దగ్గర గుమిగూడి, ముందొచ్చేది ఎవరి బస్సా అని చూస్తుంటారు.