నిలిచిన రథానికి వీచే గాలి

తపస్సు అనే మాటకు మూలం సంతాపార్థకమైన 'తప' ధాతువు. కాగడం, వేడెక్కడం దాని అర్థం. ఆత్మసాధనకు నామకరణం చేయవలసి వచ్చినప్పుడు మన ఋషులు చల్లదనాన్ని తెలిపే పదాన్ని గాక, వేడిమిని తెలిపే పదాన్నే వరించారు. ఇది యాదృచ్ఛికం కాదు. అగ్ని లేనిదే అన్నం పచనం కాదు, జఠరాగ్ని లేనిదే తిన్నది జీర్ణం కాదు. ప్రాణుల దేహాలలో వైశ్వానరరూపంతో నిలిచి అన్నాన్ని పచనం చేసేది తానేనని భగవానుడు గీత పదిహేనవ అధ్యాయంలో సెలవిచ్చాడు. కనుక తాపం స్వతః శత్రువు కాదు. హద్దు దాటిన తాపమే శత్రువు. ఆ హద్దును కాపాడేది ఏది? ఈ ప్రశ్న ఒక పాత జీపుకు రేడియేటరు పంకాను ఎన్నుకొని అమర్చవలసి వచ్చిన సందర్భంలో నా ముందు నిలిచింది. శాస్త్రవాక్యాలలో చదివిన విషయాన్ని ఇనుములో, రాగిలో, నీటిలో చూచే అవకాశం కలిగింది గనుక, తోటి సాధకులతో పంచుకుంటున్నాను.

ఆ వాహనం మహీంద్రా ఎంఎం 540. 1947లో విల్లీస్ జీపులతో ఆరంభమైన వంశానికి చెందినది. ప్యూజో వారి ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజిన్, 2112 సీసీ. నాలుగు చక్రాలకూ శక్తిని పంపగలదు గనుక ఇసుకలోనూ, బురదలోనూ నడుస్తుంది. మా తండ్రిగారు దివిసీమ పొలాల మధ్య తిరిగిన బండి అది. ఆయన గతించిన తరువాత మా అమ్మకు ఒక కోరిక మిగిలింది. మాఘ పౌర్ణమి నాడు హంసలదీవిలో, కృష్ణవేణి సముద్రాన్ని చేరే చోట స్నానం చేయాలని. కాకి స్నానమాడి హంసగా మారిందని స్థలపురాణం చెప్పే క్షేత్రం అది. అమ్మకు మోకాళ్ళు సహకరించవు. ఇసుకలో నాలుగడుగులు వేయలేదు. పర్వదినాన ఆ దారిలో వాహనాలు ఒకదాని వెనుక ఒకటి పాకుతూ సాగుతాయి. మా జీపో, బెంజి సర్కిల్ వద్ద పది నిమిషాలు నిలిస్తే చాలు, ఉష్ణమాపకం ముల్లు ఎర్రగీతను తాకేది. వృద్ధురాలైన తల్లిని కూర్చోబెట్టుకొని ఆవిరి కక్కే బండిలో ఇసుక మధ్య నిలిచిపోవడం ఊహకే భయం గొలిపింది.

విజయవాడలో ఇటువంటి పనికి జవహర్ ఆటోనగర్‌ను మించిన చోటు లేదు. రేడియేటర్లు మాత్రమే బాగుచేసేవారు, రేకు మాత్రమే మలిచేవారు, తీగలు మాత్రమే కట్టేవారు అక్కడ వేర్వేరుగా ఉంటారు. నేను ఆశ్రయించిన మేస్త్రిగారు వయోవృద్ధులు. కొత్త పంకా కావాలని చెప్పగానే ఆయన అన్నమాట ఇది: "పంకా సంగతి తర్వాత చూద్దామండీ. అసలు వేడెందుకు ఎక్కుతోందో ముందు తెలియాలి గదా!"

ఆయుర్వేదంలో నిదానపరివర్జనం అంటారు. రోగహేతువును తొలగించడమే ప్రథమ చికిత్స. మేస్త్రిగారు ఆ మాట వినియుండకపోవచ్చు గాని ఆచరించినది అదే. రేడియేటరు పలకల నడుమ ఏళ్ళనాటి బురద, వడ్ల పొట్టు, పురుగుల రెక్కలు ఇమిడి ఉన్నాయి. గొట్టాల లోపల ఉప్పునీటి పెచ్చు కట్టింది. తీరప్రాంతపు బోరునీటిని పోస్తే జరిగేది అదే. థర్మోస్టాట్‌ను ఏనాడో ఎవరో తీసిపారవేశారు. పంకా చుట్టూ ఉండవలసిన రేకు తొడుగు అసలే లేదు. తొడుగు లేని పంకా, రేడియేటరు గుండా రావలసిన గాలిని లాగక, పక్కలనుండి వచ్చిన గాలినే తిరిగి తిరిగి విసురుకుంటుంది. జపమాల తిరుగుతూ ఉండగా మనస్సు మాత్రం వీధిలో సంచరించడం వంటిదే ఇది. శ్రమకు లోటు లేదు. అది చేరవలసిన చోటికి మాత్రం చేరదు.

థర్మోస్టాట్ విషయం విశేషంగా గమనింపదగినది. మన ప్రాంతపు ఎండలకు అది అనవసరమని, తీసివేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందని అనేకుల విశ్వాసం. అది సుమారు 82 డిగ్రీల వరకు నీటిని రేడియేటరులోనికి పోనీయక ఇంజిన్ చుట్టూనే తిప్పుతుంది. ఆపైన ద్వారం తెరుస్తుంది. అది లేకపోతే ఇంజిన్ తగిన వేడిని త్వరగా అందుకోదు. చల్లని ఇంజిన్‌లో ఇంధనం పూర్తిగా దహనం కాదు, లోహభాగాలు త్వరగా అరుగుతాయి. వేడిని జయించాలని బయలుదేరి అగ్నినే ఆర్పివేయడం జాడ్యమే తప్ప శాంతి కాదు. తమస్సుకూ శమానికీ బయటి రూపం ఒకటిగానే కనిపిస్తుంది. రెండూ నిశ్చలంగా ఉంటాయి. ఒకదానిలో అగ్ని లేదు. మరొకదానిలో అగ్ని ఉండి, హద్దులో ఉంది.

ఇక పంకాల విచారణ. స్థూలంగా ఇవి మూడు విధాలు. మొదటిది ఇంజిన్ బెల్టుతో తిరిగే పంకా. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే అదీ అంత వేగంగా తిరుగుతుంది. దానికి స్వతంత్రమైన తెలివి లేదు. బండి నిలిచి ఇంజిన్ మందంగా తిరిగే వేళ, అంటే గాలి అత్యవసరమైన వేళ, అది కూడా మందగిస్తుంది. రహదారిపై ఎదురుగాలి సమృద్ధిగా ఉన్నప్పుడు మాత్రం వ్యర్థంగా గిరగిర తిరుగుతుంది. పంకా వేగం రెట్టింపైతే అది గ్రహించే శక్తి ఎనిమిది రెట్లవుతుందని యంత్రశాస్త్రం చెబుతోంది. అయితే ఇసుకలో తక్కువ గేరులో, ఇంజిన్‌ను జోరుగా తిప్పుతూ సాగే వేళ అది మంచి సేవకుడే. రెండవది, సిలికాన్ ద్రవంతో పనిచేసే క్లచ్ గల పంకా. రేడియేటరు నుండి వచ్చే గాలి వేడిని ఒక లోహపు బద్ద గ్రహించి, అవసరమైనప్పుడే పంకాను ఇంజిన్‌తో జతపరుస్తుంది. మూడవది విద్యుత్తు పంకా. ఇంజిన్ వేగంతో దానికి నిమిత్తం లేదు; నీటి వేడిని మాత్రమే చూస్తుంది.

ఈ మూడింటినీ మూడు గుణాలతో పోల్చి ముగించడం సులభం. ఆ సౌలభ్యాన్ని నేను శంకిస్తున్నాను. సత్త్వగుణం కూడా సుఖసంగంతోనూ జ్ఞానసంగంతోనూ బంధిస్తుందని గీత పదునాలుగవ అధ్యాయం హెచ్చరిస్తోంది. విద్యుత్తు పంకా తనంతట తానే వెలిగి ఆరుతుంది గనుక, నడిపేవాడు ఉష్ణమాపకం వైపు చూడడమే మానివేస్తాడు. ఒక్క తీగ తుప్పుపట్టి తెగితే అది నిశ్శబ్దంగా ఆగిపోతుంది. కీచుమని అరిచే బెల్టు కనీసం హెచ్చరిస్తుంది. కాబట్టి ప్రశ్న ఏది ఉత్తమం అన్నది కాదు. ఏ దేశకాలాలకు ఏది తగును అన్నది. ధర్మనిర్ణయమూ ఇంతే గదా!

మా దేశకాలాలు ఇవి. నగరంలో నిలిచి నిలిచి సాగే ప్రయాణం. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా సాఫీ దారి. కోడూరు దాటాక మందగమనం. చివరకు ఇసుక, అక్కడక్కడ నీటి పాయలు. నీటిలో దిగినప్పుడు బెల్టు పంకా నీటిని ఇంజిన్ అంతటా చిమ్ముతుంది. లోతెక్కువైతే రెక్కలు నీటి ఒత్తిడికి ముందుకు వంగి రేడియేటరును చీల్చే ప్రమాదమూ ఉంది. విద్యుత్తు పంకాను ముందుగానే ఆర్పివేయవచ్చు. నిలిచినప్పుడు గాలి, నీటిలో విరామం ఈ రెండూ కావాలి గనుక విద్యుత్తు పంకావైపే మొగ్గాము.

ఎన్నికకు ముందు మేస్త్రిగారు టేపు తీసి కొలిచారు. రేడియేటరు వెడల్పు ఎంత, పాత పంకా తీసివేశాక నీటి పంపు కప్పీకి, రేడియేటరుకు మధ్య ఎంత చోటు మిగులుతుంది, మోటారు మందం ఎంత. రబ్బరు దిమ్మెలపై ఊగే ఇంజిన్ మోటారును తాకకుండా ఎడం ఉండాలి. 14 అంగుళాల పంకా సరిపోయింది. దాన్ని రేడియేటరుకు వెనుక, గాలిని ఇంజిన్ వైపు లాగేటట్లు పెట్టాము. ముందు పెట్టి నెట్టించవచ్చు గాని, అప్పుడు పంకాయే దారిగాలికి అడ్డు నిలుస్తుంది. పలకల గుండా ప్లాస్టిక్ ముడులు దూర్చి బిగించే అలవాటు కొందరికుంది. కుదుపులకు అవి గొట్టాలను కోస్తాయి. మేస్త్రిగారు రేకుతో తొడుగు చేయించి, రేడియేటరు చట్రానికే దాన్ని బిగించి, తొడుగుకు పంకాను కట్టారు.

తరువాత విద్యుత్తు లెక్క. ఆ పంకా సుమారు 12 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆరంభక్షణంలో ఇంకా ఎక్కువ. రాత్రివేళ రెండు హెడ్‌లైట్లు తీసుకునేదానికంటే ఇది అధికం. పాత ఆల్టర్నేటర్ ఈ రెంటినీ భరించగలదో లేదో పరీక్షించాకే పని సాగింది. బ్యాటరీకి సమీపంలో ఫ్యూజు, 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, నడుమ రిలే. ఇంత ప్రవాహాన్ని చిన్న స్విచ్చి మోయలేదు. స్విచ్చి రిలేకు అల్పమైన సంకేతాన్ని పంపుతుంది. రిలే భారాన్ని వహిస్తుంది. తీగలు తారుమారైతే మోటారు వెనుకకు తిరిగి, దారిగాలితో కలహిస్తుంది. అందుకే మొదటిసారి తిప్పగానే మేస్త్రిగారు ఒక కాగితాన్ని రేడియేటరు ముందు పట్టుకున్నారు. అది పలకలకు అంటుకుపోయింది. దిశ సరియైనదని తేలింది.

ఉష్ణగ్రాహక స్విచ్చి 92 డిగ్రీల వద్ద పంకాను వెలిగించి 87 వద్ద ఆర్పుతుంది. ఆ ఐదు డిగ్రీల ఎడం ఎందుకని అడిగాను. "రెండూ ఒకే అంకె అయితే మీటినట్టు వెలుగుతూ ఆరుతూ ఉంటుందండీ, మోటారు నాలుగు రోజులకే పోతుంది" అన్నారు. స్థితప్రజ్ఞ లక్షణాన్ని గూర్చి ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను. ఇంత సరళంగా ఎవరూ చెప్పలేదు. ప్రతి మాటకూ స్పందించే మనస్సు మాటిమాటికీ వెలిగి ఆరే మోటారు వంటిది. ధీరునికి వేడి తెలియక కాదు. తెలిసిన వేడికీ, చేసే ప్రతిక్రియకూ మధ్య అతడు కొంత ఎడం ఉంచుకుంటాడు.

ఒక మిత్రుడు ఆక్షేపించాడు: "శీతోష్ణాలను సహించమని గీత చెబుతుంటే పంకాలెందుకు, తితిక్ష అలవరచుకోరాదా?" ఆక్షేపణ బలమైనదే. చింతావిలాపాలు లేక దుఃఖాన్ని ఓర్చుకోవడం తితిక్ష అని ఆచార్యులు నిర్వచించారు. అది నా దుఃఖానికి వర్తిస్తుంది. మా అమ్మ ఎండలో కూర్చోవడం నా తితిక్ష కాజాలదు. ఇతరుల బాధను మన వైరాగ్యపు ఖాతాలో వేసుకోవడం అధర్మం. కఠోపనిషత్తు దేహాన్ని రథమని, బుద్ధిని సారథి అని వర్ణించింది. రథాన్ని బాగుచేయడం సారథి విధి. రథికుణ్ణి సహించమనడం సారథి విధి కాదు.

ఈ చర్చ అంతా వింటూ కూర్చున్న అమ్మ, తాటాకు విసనకర్ర చేత పట్టుకొని, ఒక మాట అంది: "ఒరే నాయనా, నడిచేటప్పుడు గాలి దేవుడిస్తాడురా. నిలబడ్డప్పుడే మనం విసురుకోవాలి."

ఈ వ్యాసానికి తాత్పర్యం ఆ మాటే. బండి గంటకు యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే దారిగాలి ఒక్కటే సాధారణంగా చాలు, పంకాతో పనిలేదు. జీవితమూ అంతే. ఉద్యోగం, సంసారం, పదిమంది పలకరింపులు ఉన్నంతకాలం వాటి గమనమే ఒక గాలిని పుట్టించి మనలోని తాపాన్ని ఈడ్చుకుపోతుంది. అది మన శాంతి అని భ్రమిస్తాము. పదవీ విరమణ, వ్యాధి, వియోగం వచ్చి బండి నిలిచినప్పుడు గాని లోపలి వేడి బయటపడదు. అంతకంటె కఠినమైనది ఇసుక: ఇంజిన్ రొదపెడుతుంది, చక్రాలు తిరుగుతాయి, దారి మాత్రం సాగదు. సాధకుని జీవితంలో ఇటువంటి దశ రాకమానదు. శ్రమ అధికం, పురోగతి అల్పం. సత్సంగం, స్వాధ్యాయం, నామస్మరణ ఆ వేళకు అమర్చుకోవలసిన పంకాలు. బండి నిలిచిన తరువాత కాదు, సాగుతూ ఉండగానే అమర్చుకోవాలి.

మాఘ పౌర్ణమి నాడు జనసందోహంలో మా బండి మాటిమాటికీ నిలిచింది. పంకా వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. ముల్లు మధ్యగీతను దాటలేదు. అమ్మ సంగమజలంలో మునిగి, తండ్రిగారి పేరు తలచుకొని ఒక దోసెడు నీరు విడిచింది. నీటి పాయ దాటే ముందు పంకాను ఆర్పడానికీ, దాటాక వెలిగించడానికీ ప్రత్యేకంగా మరొక స్విచ్చి పెట్టించాము. మరొక జాగ్రత్త కూడా తీసుకున్నాము. ఉష్ణమాపకాన్ని నడిపేవాని కళ్ళకు ఎదురుగా, స్టీరింగు పక్కకు మార్పించాము. పంకా ఎంత చక్కగా పనిచేసినా, చూచేవాడొకడు ఉండాలి. ఆ చూపు వేడిని పెంచదు, తగ్గించదు. కాని ఆ చూపు లేనినాడు తక్కిన అమరికలన్నీ గుడ్డివే. ఉపనిషత్తులు సాక్షి అన్నది ఆ చూపునే.

స్వస్తి.