ఇటాలిక్ అక్షరములు – వర్ణభేదము

ఆంగ్లగ్రంథములలో సంస్కృతపదము వచ్చినచోట అక్షరములు కుడివైపునకు వాలియుండుట విద్వాంసులెల్లరు ఎరిగినదే. ఇటాలిక్ అని వ్యవహరింపబడు ఈ రూపము వెనిస్ నగరమున పుట్టినది. అల్డస్ మనూషియస్ అను ప్రచురణకర్త కొఱకు ఫ్రాంచెస్కో గ్రిఫో ఈ అచ్చక్షరములను చెక్కెను. 1501లో వర్జిల్ కావ్యములు ఆసాంతము వీనితోనే ముద్రితములయ్యెను; పెద్ద అక్షరములు మాత్రము నాడు నిలువుగనే యుండెను. ఆ కాలపు పండితుల త్వరితలేఖనమే దీనికి మాతృక. కొసలయందు సెరిఫులనబడు సన్నని కొనగీటలు, కలము ఎత్తక వ్రాసినట్టి ఒరవడి దీని సొగసు. ఇది నిలువక్షరమును వంచినది కాదు, వేరొక చేతివ్రాత. చిన్న 'ఏ' అక్షరము నిలువురూపమున రెండంతస్తులది, ఇటాలిక్‌లో తరచుగా ఒకే గిన్నె. కంప్యూటరు తెలుగు అక్షరమును ప్రక్కకు నెట్టినచో ఏర్పడునది ఇటాలిక్ కాదు, ఒరిగిన తెలుగు మాత్రమే.

గ్రంథనామములకు, పరభాషాపదములకు, ఒత్తి చెప్పవలసిన మాటలకు దీనిని వాడుట తరువాతి కాలపు ఆచారము. అది సర్వవిదితము. నేను చెప్పదలచినది మరియొక ప్రయోజనమును గూర్చి.

పాఠశాలలో గురుముఖమున చదివిన నాకు రోమను లిపి నడివయసున అలవడినది. మాక్స్ ముల్లర్ సంపాదకత్వమున 1879 నుండి వెలువడిన 'సేక్రెడ్ బుక్స్ ఆఫ్ ది ఈస్ట్' సంపుటములను తెరచినపుడు ఒక వింత కనబడినది. అందు నిలువు 'కే' కకారము, వాలిన 'కే' చకారము. నిలువు 'జీ' గకారము, వాలిన 'జీ' జకారము. వాలిన 'టీ' టకారము, వాలిన 'ఎస్' శకారము. ఏ ముద్రణాలయమునందైనను లభించు అచ్చులతోనే పని జరుగవలెనని ఆయన ఉద్దేశము. వేదమున అనుదాత్తమునకు క్రింది గీత ఎట్టిదో, ఇచట వాలు అట్టిది. ఇంద్రశత్రు శబ్దమున స్వరము మారగా సమాసమే మారిన కథ మనకు క్రొత్త కాదు.

1884లో యాకోబీ అనువాదముగా వెలువడిన 22వ సంపుటము జైనసూత్రములు. ఆ పేరులోని మొదటి అక్షరము వాలిన 'జీ'. వాలును విడిచి ఎత్తివ్రాసిన పట్టికలలో అది 'గైనసూత్రములు' అయినది. "గైనమనునది ఏ మతమండీ?" అని ఒక పరిశోధకుడు నన్ను అడిగెను. అతని తప్పేమియు లేదు. ఛాందోగ్యము 'ఖాందోగ్యము' అగుటయు ఈ దారినే.

వర్ణభేదమును వాలుపై మోపుట నాకు సమ్మతము కాదు. 1894లో జెనీవా ప్రాచ్యవిద్యాసదస్సు ఆమోదించిన చుక్కల, గీతల పద్ధతి మేలు. ఆ చుక్కలు రాలవా యన్న, రాలును. కాని చుక్క రాలిన టకారము తకారమగునే గాని, చకారము కకారము కాదు.

ఆ 50 సంపుటములు మన కళాశాలల బీరువాలలో కొన్నింట ఇంకను కలవు. మా గ్రంథాలయపు పట్టికలో 22వ సంపుటమునకు ఎదురుగా 'జైన' అని నాగరిలో వ్రాయించితిని.