చిత్రకోటకు దారి

గడచిన జూలై మాసమున తొమ్మిదవ తరగతిలో భూగోళము చెప్పుచు, మన కాలువలోని నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదని అడిగితిని. తరగతి యంతయు ఒక్క గొంతుకతో "ధవళేశ్వరం" అనినది. డెల్టాలో పుట్టిన బిడ్డకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన జవాబు. కాటన్ దొరగారు 1852లో ఆనకట్ట ముగించిన నాటినుండి మన పెద్దలందఱును ఇదియే చెప్పుచున్నారు. అయితే వెనుకబల్లనుండి ఒక బాలుడు లేచి, "ధవళేశ్వరానికి ఎక్కణ్ణించి వత్తాయండీ?" అని అడిగెను. గోదావరినుండి అంటిని. "గోదావరికండీ?" అనెను. తరగతి నవ్వినది. నేనును నవ్వితిని గాని, నాసికు దగ్గఱి త్ర్యంబకమని ఒక్కమాట చెప్పి తప్పించుకొనుట న్యాయము కాదని తోచినది. ఏలయన, మన కాలువలకు వచ్చు నీటిలో త్ర్యంబకమునుండి వచ్చు భాగము కొద్దిపాటిది. పెద్దభాగము ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అను ఉపనదులు తెచ్చి పోయునది.

మఱునాడు పెద్దపటము తెచ్చి గోడకు తగిలించితిని. ఇంద్రావతి ఒడిషాలోని కలహండి కొండలలో పుట్టి, పడమరగా బస్తరులోనికి పోయి, జగదల్‌పూరు దాటిన పిమ్మట చిత్రకోట యొద్ద సుమారు 29 మీటర్ల లోతునకు ఒక్కసారిగా దుముకును. వానకాలమున ఆ ధార వెడల్పు 300 మీటర్ల వఱకు ఉండును. ఆకారము గుఱ్ఱపులాడమును బోలియుండును. అందుచేతనే దానిని భారతదేశపు నయాగరా అందురు. అచ్చటనుండి ఇంకను పడమరకు పోయి, దక్షిణమునకు తిరిగి, భద్రకాళి అను గ్రామము చెంత గోదావరిలో కలియును. "అయితే అక్కడ దూకిన నీళ్లే మన కాలవలోకి వత్తాయాండీ?" అని ఆ బాలుడే మరల అడిగెను. అవునంటిని. ఆ సాయంకాలము కాలువగట్టుమీద నడచి పోవుచు, నలుబది యేండ్లుగా ఈ నీరు త్రాగుచున్న నేను అది దుమికిన చోటు ఎన్నడును చూడలేదు గదా యని అనుకొంటిని.

ప్రతి సంవత్సరము మేము పిల్లలను విశాఖపట్టణపు సముద్రతీరమునకు తీసికొనిపోయి, వేరుసెనగకాయలు కొనిపెట్టి తీసికొనివత్తుము. ఈ మారు చిత్రకోటకు పోవుదమని ఉపాధ్యాయుల సమావేశమున నేనంటిని. హెడ్మాస్టరుగారు వెంటనే కాదనలేదు. "పరరాష్ట్రము, ఆలోచించి లెక్క వ్రాసి తెండి" అనిరి. అసలు నయాగరాకు ఒడ్డున ఒక దేశము, ఆవలియొడ్డున ఇంకొక దేశము. 1941లో తెఱచిన వంతెనమీద ఆవలికి పోవలెనన్న పాస్‌పోర్టు కావలెను. మన నయాగరాకు అట్టి చిక్కులేదు, సులభముగా ముగియునని నేను తలంచితిని. ఆ తలంపు పది దినములకంటె ఎక్కువ నిలువలేదు.

మొదటి చిక్కు కాలము. దసరా సెలవులలో ధార నిండుగానుండును గనుక అప్పుడే పోవుదమని పిల్లలందఱి కోరిక. కాని జగదల్‌పూరులో దసరా మన దసరావలె పది దినములతో పోవునది కాదు. దంతేశ్వరీదేవి పేర జరుగు బస్తరు దసరా 75 దినముల యుత్సవము. అన్ని దిక్కుల గ్రామములనుండి జనులు వచ్చి పట్టణము నిండిపోవును. నలువది మంది పిల్లలకు చోటు కావలెనని ఫోను చేయగా ఒక వసతిగృహమువారు నవ్వి పెట్టివేసిరి. వానకాలపు నీరు బురదయై ఎఱ్ఱగానుండును, గట్లు జారుడు. అందుచేత నవంబరు మాసము నిశ్చయించితిమి. అప్పటికి నీరు తేటపడును, ధారయు ఇంకను తగినంత యుండును.

రెండవ చిక్కు బస్సు. మా పాఠశాల బస్సు పిల్లలను బడికి తెచ్చి ఇంటికి చేర్చుటకు మాత్రమే అనుమతి గలది; రాష్ట్రపు హద్దు దాటరాదు. అఖిలభారత పర్యాటక పర్మిటు గల బస్సును అద్దెకు తీసికొనవలెను. అది లేని బస్సైనచో ప్రతి రాష్ట్రమునకును వేఱుగా తాత్కాలిక పర్మిటు, వేఱుగా పన్ను. డ్రిల్లు మాస్టరుగారు నలుగురు బస్సు యజమానులతో మాటలాడి, కాగితములు కన్నులార చూచినగాని అడ్వాన్సు ఇయ్యలేదు. ఆయనకు నమ్మకము తక్కువ. ఇట్టి పనులలో అట్టివారే కావలెను.

మూడవది దారి. దీనిమీద జరిగిన చర్చ యెంతయో వ్రాయవచ్చును. దగ్గఱిదారి మారేడుమిల్లి కనుమమీదుగా చింతూరు పోయి, కొంట యొద్ద ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశించి, సుకుమామీదుగా జగదల్‌పూరు చేరును. నా మనస్సంతయు ఈ దారిమీదనే. కొంట సమీపమున సీలేరు వచ్చి శబరిలో కలియును. ఆ రెండు నదులకును మూడు రాష్ట్రములు ఒడ్డులై యున్నవి. ఆ శబరి కూనవరము యొద్ద గోదావరిలో చేరును. భూగోళ మాస్టరునకు ఇంతకంటె ఏమి కావలెను? కాని తల్లిదండ్రుల సభలో ఒక తండ్రి లేచి, 2013 మే 25న దర్భలోయలో జరిగిన మారణకాండ ఏ దారిమీద జరిగినదో తమకు తెలియునా అని అడిగెను. ఆ దారి ఇదియే. నేడు పరిస్థితి మారినదనియు, ప్రతిదినము బస్సులు తిరుగుచున్నవనియు మా డ్రైవరు చెప్పెను. అతడు చెప్పినది సత్యమే. అయినను సభలోని తల్లులు ఒకరి ముఖము నొకరు చూచుకొనుట నేను గమనించితిని.

కావున దూరపుదారి. విజయనగరము, సాలూరు, కోరాపుట్టు, జయపురము, అచ్చటనుండి జగదల్‌పూరు. నూరు కిలోమీటర్లకు మించి ఎక్కువ, రెండు హద్దులు. ఈ హద్దులనుగూర్చి పిల్లలకు ఒక సంగతి చెప్పితిని. జయపురము, కోరాపుట్టు 1936 వఱకు మన విశాఖపట్టణము జిల్లాలోనివే. ఆ యేడు ఏప్రిల్ 1న ఒరిస్సా వేఱు రాష్ట్రమైనప్పుడు అటు పోయినవి. బస్తరు సంస్థానము 1948లో విలీనమై, మధ్యప్రదేశములో నుండి, 2000 నవంబరు 1నుండి ఛత్తీస్‌గఢ్‌లోనిదైనది. చింతూరులో ఒక ముసలివాడు ఉన్నచోటనే యుండి 2014లో ఖమ్మము జిల్లానుండి తూర్పుగోదావరికిని, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకును మారెను. "మరి ఆయనకి ఉత్తరం రాత్తే చేరుద్దాండీ?" అని ఒక బాలిక అడిగినది. నేను సమాధానము చెప్పలేకపోతిని.

దగ్గఱిదారికి తలకు 2,400 రూపాయలని వేసిన లెక్క, దూరపుదారికి 2,800 అయినది. భద్రతకు వెల యుండుననియు, ఆ వెల అందఱికి ఒక్కటే కాదనియు నేనప్పుడు ఆలోచింపలేదు. పట్టీ వ్రాసి బోర్డునకు అంటించితిని. తరగతిలో 54 మంది. పట్టీకెక్కినవారు 41 మంది. మిగిలిన పదుమువ్వురిలో, కాలువనుగూర్చి మొదట ప్రశ్న వేసిన బాలుడును ఉండెను.

పిలిచి అడిగితిని. "బస్సెక్కితే వాంతులండీ, నాకు పడదండీ" అనెను. నేను సరేయని "ఇష్టము లేదు" అని వాని పేరునకెదురుగా వ్రాసికొంటిని. ఆ వారమే వాడు పెద్ద చార్టుమీద మా దారియంతయు గీచి తెచ్చెను. రెండు హద్దులును ఎఱ్ఱసిరాతో, ఇంద్రావతిని నీలిసిరాతో గీచి, చిత్రకోట యొద్ద లాడము చెక్కినట్లు వేసియుండెను. నేను మెచ్చుకొని, పట్టీ ప్రక్కన అంటించితిని. ఎంతటి గ్రుడ్డితనము!

తరువాతి ఆదివారము నేను లాకుల దగ్గఱ నిలిచియుండగా ఆర్టీసీ బస్సొకటి వచ్చినది. మెట్టుమీద ఒంటికాలితో వ్రేలాడుచు, గొంతెత్తి పాట పాడుచు వచ్చుచున్నవాడు వీడే. నన్ను చూడగనే పాట ఆగినది.

ఇచ్చట నా సంగతి ఒకటి చెప్పుట తప్పదు. 2004లో నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండగా మా తరగతివారు కర్ణాటకలోని జోగ్ జలపాతమునకు ప్రయాణమైరి. శరావతి 253 మీటర్లు నాలుగు ధారలుగా దుముకు చోటది. తలకు 900 రూపాయలు. నా యొద్ద లేవు. మా నాయనను అడుగుటకు నోరు రాలేదు. చెల్లెలి నిశ్చితార్థమున్నదని చెప్పితిని. మా లెక్చరరుగారు పాపము, నా భుజము తట్టి, "అమ్మాయికి నా దీవెనలు చెప్పవయ్యా" అనిరి. నాకు చెల్లెలు లేదు. వారు తిరిగివచ్చిన పిమ్మట నెలదినములు జోగును గూర్చియే మాటలాడుకొనిరి. నేను నిశ్చితార్థపు భోజనములో ఏమేమి వడ్డించిరో కల్పించి చెప్పితిని. ఇరువది యేండ్లకు పైగా ఈ సంగతి మా యింటిలో కూడ ఎవ్వరికిని తెలియదు.

ఆ సాయంకాలమే వాని యింటికి పోయితిని. తల్లి అరుగుమీద చాప పఱచినది. డబ్బు మాట నేనెత్తగా ఆమె, "డబ్బుల సంగతి తరవాతండి మాస్టారుగారూ. కార్తీకంలో కోతలకి మేవిద్దరం పోతే గేదెని, చంటిదాన్ని ఎవరు చూత్తారండి? ఈడేనండి" అనినది. నేను నిరుత్తరుడనైతిని. నీరు తేటగానుండునని, గదులు దొరకునని, పరీక్షలు లేవని అన్నియు చూచి నవంబరు నిశ్చయించినవాడను. డెల్టాలో పుట్టి పెరిగినవాడనై యుండియు, నవంబరులో వరికోతలని నాకు తోచనేలేదు. మిగిలిన పండ్రెండిండ్లకును పోయి విచారించితిని. ఏడిండ్లలో ఇదే మాట. మూడిండ్లలో కేవలము డబ్బు. ఇద్దఱు పిల్లలకు నిజముగనే బస్సు పడదు!

మరల సమావేశము. కోతలు ముగిసి, దాళ్వా నాట్లు అయి, గణతంత్రదినము బడిలో జరుపుకొని, జనవరి కడపట పోవుదమంటిని. అప్పటికి ధార సన్నగిల్లును. ఎండలు ముదిరిన కొలదిని పాయలుగా విడిపోవును. పైగా ఒడిషా హద్దుచెంత జోరానాలా అను వాగు ఇంద్రావతి నీటిలో కొంత శబరివైపు మరలించుకొనిపోవుచుండుటచే, ఆ రెండు రాష్ట్రములకును ఎడతెగని తగవు. (ఆ నీరును కడకు శబరి ద్వారమున మన గోదావరికే వచ్చును; మనకు నష్టము లేదు, చిత్రకోటకే నష్టము.) డబ్బు కట్టిన తండ్రులలో ఒకరు, "సగం నీళ్లు చూడ్డానికి మొత్తం డబ్బులు కట్టాలాండీ?" అని కొంచెము కోపముగనే అడిగిరి. ఆయన మాట అన్యాయము కాదు. నిండు ధారను చూపుదునని పిల్లలకు ఆశపెట్టినవాడను నేనే. ఆయనకు నా జోగు కథ చెప్పితిని. భార్యకైనను చెప్పని మాట సభలో ఎట్లు వచ్చినదో నాకు తెలియదు. ఆయన కొంతసేపు ఊరకుండి, "సరే, కానీండి" అనిరి. మనస్ఫూర్తిగా అనిరని చెప్పజాలను.

జయపురములోని ఒక పాఠశాలవారు రాత్రి పండుకొనుటకు తమ హాలును ఇత్తుమని వ్రాసిరి. అందుచేత ఒక రాత్రి అద్దె తగ్గి, తలకు 2,300 అయినది. రొక్కము వసూలుచేయు పద్ధతియు మార్చితిమి: ప్రతి యింటికిని ఒక కవరు, పైన పేరు లేదు, లోపల ఎంతైనను సరే. తక్కువపడినది ఉపాధ్యాయులము, కొందఱు పూర్వవిద్యార్థులును వేసికొంటిమి. డ్రిల్లు మాస్టరుగారు ఈ పద్ధతిని నమ్మలేదు. కవరులు విప్పి లెక్కించినప్పుడు ఆయనయే రెండు మారులు లెక్కించిరి. అనుకొన్నదానికంటె తక్కువపడినది తక్కువే.

ఈ సంచిక అచ్చునకు పోవునాటికి మేమింకను బయలుదేరలేదు. పట్టీలో ఇప్పుడు 52 పేర్లున్నవి. బస్సు చాలక వెనుక ఒక చిన్నబండి కూడ మాటలాడితిమి. సాలూరు కనుమకు నిమ్మకాయలు, చలికి దుప్పట్లు, ప్రతి పిల్లవాని చొక్కాజేబులో తండ్రి ఫోను నంబరు గల చీటి: ఇవి తరగతి నాయకుల పూచీ. జలపాతము నంచునకు ఎవ్వరును పోరాదు. ఇది నా పూచీ.

నీరు తక్కువగా నుండునని చెప్పి చిన్నబుచ్చుకొనవలదని ఆ బాలునితో అంటిని. "నీళ్లు తక్కువుంటే రాయి కనపడుద్ది కదండీ" అనెను. వాడిప్పుడు వేఱొక లెక్కలో మునిగియున్నాడు. చిత్రకోట యొద్ద నీటిలో విడిచిన ఆకు మన లాకుల దగ్గఱకు ఎన్ని దినములకు వచ్చునని. పటముమీద దారముపెట్టి నది పొడవు కొలుచుకొన్నాడు. కాలువలో పుల్ల వేసి, గట్టుమీద పరుగెత్తి, వేగము కనుగొన్నాడు. నదివేగము, కాలువవేగము ఒకటి కాదనియు, నడుమ ధవళేశ్వరపు తలుపులున్నవనియు నేనింకను చెప్పలేదు. నిన్న నోటుబుక్కు తెచ్చి చూపెను. గుణకారములో ఒక సున్న ఎక్కువపడినది. ఎక్కడనో వాడే చూచుకొనునని తిరిగి ఇచ్చివేసితిని.