సోమశిల దారిలో మా సైకిళ్ళు

ప్రకృతి అందాలు చూడాలంటే దూరదేశాలకు పోవాలని చాలామంది అనుకుంటారు. శ్రీలంక, బాలి, మారిషస్ వంటి ద్వీపాలలో సైకిలు తొక్కడానికి ప్రపంచం నలుమూలల నుండి జనం వస్తుంటారు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క నీరు, మధ్యలో దారి. అదే వారికి కావలసినది. ప్రియ పాఠకులారా, ఆ కొండ, ఆ నీరు, ఆ దారి మన నెల్లూరు జిల్లా పడమటి మండలాలలో కూడా ఉన్నాయి. వాటిని చూడడానికి విమానం టిక్కెట్టు అక్కరలేదు. గాలి నిండిన రెండు చక్రాలు, ఒక సీసా నీళ్ళు, ఒక పూట తీరిక ఉంటే చాలు.

మేము భార్యాభర్తలం ఇద్దరం ఆత్మకూరు ప్రాంతం వాళ్ళం. ఉద్యోగం నుండి విశ్రాంతి తీసుకున్న తరువాత, శీతకాలం శనివారాలలో సైకిళ్ళ మీద బయలుదేరడం అలవాటు చేసుకున్నాము. సెలవులకు మా ఇంటికి వచ్చే మేనకోడలు కూడా ఒక్కొక్కసారి మాతో వస్తుంది. ఒకటి పాత అట్లాస్ సైకిలు, ఒకటి లేడీస్ సైకిలు. ఆ అట్లాస్ కంపెనీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాదులోని తన చివరి కర్మాగారాన్ని మూసివేసింది. సైకిలు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నది.

మన పల్లె సంఘాలకు సైకిలు క్రొత్త కాదు. క్యారియరుకు సంచి కట్టుకొని, పంచె ఎగగట్టి, ఊరి నుండి ఊరికి తిరిగిన పాస్టరుగార్లను మన పెద్దలందరూ ఎరుగుదురు. వారికి ప్రతి ఊరి పేరు, ప్రతి ఇంటి కష్టం తెలిసి ఉండేవి. అందుకు ఒక కారణం వారి భక్తి, రెండవ కారణం వారి సైకిలు అని మాకు తోస్తుంది. బస్సులో పోయేవారికి ఊరు కిటికీలో నుండి కనబడి మాయమైపోతుంది. సైకిలు మీద పోయేవాడు మెరక వచ్చినచోట దిగి నడవాలి, పంక్చరు పడినచోట ఆగాలి, దాహమైనచోట అడగాలి. ఆ ఆగడంలోనే మనుషులు పరిచయమవుతారు.

ముందుగా సోమశిల దారి సంగతి చెబుతాము. ఆత్మకూరు నుండి తెల్లవారుజామున బయలుదేరాలి. ముంబై రహదారి అని మనం పిలిచే 67వ నంబరు జాతీయ రహదారి మీద లారీల జోరు ఎక్కువ. దానిని వదిలి అనంతసాగరం వైపు రోడ్డు పట్టిన తరువాత గాని మనసు నెమ్మదించదు. అక్కడి నుండి పడమటికి పోయే కొలది కొండలు దగ్గరవుతూ ఉంటాయి. సంక్రాంతికి ముందు రోజులలో కాలువల క్రింద వరి, పైన మెరక మీద నిమ్మతోటలు, జామాయిలు తోపులు. మంచు విడవక ముందే గొర్రెల మందలు రోడ్డెక్కుతాయి. నెల్లూరు జాతి గొర్రె దేశమంతటా పేరుపొందినది. పొడవైన కాళ్ళు, ఎత్తైన మెడ. జోడిపి, పల్ల, దోర అని మూడు రకాలు. మంద ఎదురు వచ్చినప్పుడు బెల్లు కొట్టి ప్రయోజనం లేదు. దిగి సైకిలు ప్రక్కన నిలబెట్టి, కాపరితో రెండు మాటలు మాట్లాడి, మంద సాగిపోయిన తరువాత ఎక్కడమే మర్యాద.

సోమశిల సమీపించేసరికి వెలిగొండలు దారికి అడ్డంగా నిలబడినట్లు ఉంటాయి. ఆ కొండల సందులో నుండి పెన్న బయటికి వస్తుంది. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలిసే ఈ నదికి మైదానంలోకి వాకిలి ఇదే. ఆ వాకిలికి అడ్డంగా కట్టినదే సోమశిల ఆనకట్ట. పూర్తిగా నిండితే 78 టి.ఎం.సి.ల నీరు నిలుస్తుంది. ఒక్క టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఈ నీరు కాలువల ద్వారా నెల్లూరు మాగాణికి పోతుంది. తెలుగుగంగ పథకం క్రింద శ్రీశైలం నుండి వచ్చే కృష్ణా నీరు కూడా ఈ జలాశయంలో చేరి, కండలేరు మీదుగా మద్రాసుకు పోతుంది. 1996లో ఆ నీరు మొదటిసారి అక్కడికి చేరింది. అంటే, మనం ఆనకట్ట దగ్గర నిలబడి చూసే నీటిలో మన అన్నమూ ఉన్నది, చెన్నపట్నంలో ఎవరో తాగబోయే మంచినీళ్ళూ ఉన్నాయి.

జలాశయం నిండి ఉన్నప్పుడు ఆ దృశ్యం చెప్పనలవి కాదు. నీటి మధ్య గుట్టల కొసలు చిన్న చిన్న లంకల వలె పైకి తేలి ఉంటాయి. ఉదయపు ఎండ పడితే నీరు ఇత్తడి పళ్ళెంలా మెరుస్తుంది. మా మేనకోడలు మొదటిసారి చూసి, "అత్తా, ఇది సముద్రమా?" అన్నది.

ఆ ప్రక్కనే టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన వల చిక్కు తీసుకుంటూ కూర్చొని ఉన్నాడు. ఆ మాట విని నవ్వాడు. "సముద్రం కాదు పాపా, ఊర్లు" అన్నాడు. మాకు మొదట అర్థం కాలేదు. అప్పుడాయన చేయి చాచి కొండల అవతలి వైపు చూపించాడు. "ఆ గుట్ట అవతల మా ఊరుండేది. మా నాయిన చెనిక్కాయ వేసిన చేను, మా అమ్మ నీళ్ళు తోడిన బావి అన్నీ ఆ అడుగునే ఉండాయి. బాగా ఎండలు కాసిన ఏడు నీళ్ళు అడుగంటితే మొండిగోడలు కనపడతాయి. చూసొస్తాం" అన్నాడు.

జలాశయం వెనుక భాగమంతా కడప వైపున ఉన్నది. అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు మండలాలలో పదుల కొద్దీ ఊళ్ళు ఈ నీటి క్రింద మునిగాయి. సోమశిల పేరు మనకు తెలుసు, టి.ఎం.సి.ల లెక్క రోజూ పత్రికలో చదువుతాము. మునిగిన ఊళ్ళ పేర్లు మనలో ఎందరు చెప్పగలరు? "నష్టపరిహారం ఇచ్చారా అయ్యా?" అని అడిగాము. "ఇచ్చినారు. డబ్బులు అయిపోయినాయి, నీళ్ళు మాత్రం ఉండాయి" అన్నాడు. కోపంగా అనలేదు. కాసేపు ఆగి, "మీకు మాగాణి ఉండాదా?" అని అడిగాడు. కాలువ క్రింద రెండెకరాలు ఉన్నదని చెప్పాము. "పండుతా ఉండాదా?" అన్నాడు. రెండు కార్లు పండుతున్నదని చెప్పాము. "ఇంగనేం. పండనీలే" అన్నాడు, మళ్ళీ వల పట్టుకున్నాడు.

టీకి డబ్బులు మేము ఇవ్వబోతే ఆయన ఒప్పుకోలేదు. ఆ దినము తిరుగు దారిలో మేము ఎక్కువగా మాట్లాడుకోలేదు. మా కంచంలో అన్నం ఎక్కడి నుండి వస్తున్నదో లెక్కగా తెలిసినవాళ్ళమే. విత్తనాలు, ఎరువులు, కూలీలు, నీటి పన్ను, అన్నీ చిట్టాలో వ్రాసుకున్నాము. ఆ చిట్టాలో ఎక్కని ఖర్చు మరొకరు భరించారని ఆ పెద్దాయన ముఖం చూసిన తరువాత గాని మనసుకు పట్టలేదు.

ఈ నీటికి ఇంకొక ముఖం కూడా ఉన్నది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ప్రాణాలు పోయాయి. ఆ వరద పెన్నలో కలిసి సోమశిలకు వచ్చింది. ఇక్కడి నుండి దిగువకు పోయిన ప్రవాహంలో నెల్లూరు, కోవూరు ప్రాంతాలు మునిగి, జాతీయ రహదారి, రైలు మార్గం తెగి రాకపోకలు నిలిచిపోయాయి. ఆ తరువాతి శీతకాలంలో మేము పోయినప్పుడు ఒడ్డున మేట వేసిన ఇసుక, వేళ్ళతో లేచిపోయిన చెట్లు చూశాము. అందమైన నీరు అని ఊరికే అనడానికి నోరు రాలేదు.

ఇక రెండవ దారి ఉదయగిరి దారి. ఆత్మకూరు నుండి వాయవ్య దిక్కుగా, ఇది సోమశిల దారికి పూర్తిగా వేరు. పచ్చదనం తగ్గి ఎర్రనేల, తుమ్మచెట్లు, రాళ్ళగుట్టలు మొదలవుతాయి. దూరం కూడా ఎక్కువ. వెళ్ళిన దినమే తిరిగి రావాలనుకోకుండా ఆ రాత్రి బంధువుల ఇంట ఆగడం మంచిది. ఎదురుగా ఉదయగిరి దుర్గం 3079 అడుగుల ఎత్తున కనబడుతూ, ఎంత తొక్కినా దగ్గరకు రానట్లే ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని 1513లో ముట్టడించి, ఏడాదికి పైగా కాచుకొని, 1514లో గజపతుల చేతిలో నుండి గెలుచుకున్నాడు. అంత సైన్యం ఉన్న రాజే అన్నాళ్ళు ఆగినప్పుడు మనకు తొందర ఏమిటి అని చెట్టు క్రింద కూర్చొని నవ్వుకున్నాము.

ఈ మెట్ట ప్రాంతం కష్టం వేరు. వర్షం తక్కువ, బోర్లు ఎండిపోతాయి. చాలా ఊళ్ళలో భూమిలోని నీటికి ఫ్లోరైడు ఎక్కువ. పని కొరకు హైదరాబాదు, బెంగుళూరు వలస పోయినవారి ఇళ్ళకు తాళాలు కనబడతాయి. పైన కొండలకు అవతల అన్ని టి.ఎం.సి.లు నిలిచి ఉన్నా, ఎత్తున ఉన్న ఈ పొలాలకు అవి వాటంతట ఎక్కి రావు. అందుకే ఈ మెట్ట మండలాల కొరకు సోమశిల హైలెవల్ కాలువ పని మొదలుపెట్టారు. ఆ కాలువ మాట ఎత్తితే ఊళ్ళలో పెద్దవాళ్ళు, "వస్తాది, మా మనవళ్ళన్నా చూస్తారు" అంటారు.

ఒక ఊరి మొదట్లో మా దగ్గర నీళ్ళు అయిపోయాయి. అరుగు మీద కూర్చొని ఉన్న ఒక తల్లి మమ్మల్ని చూసి, "ఎండన పడి యాడికి పోతా ఉండారమ్మా, కూర్చోండి" అని లోపలికి పోయి రెండు చెంబుల నీళ్ళు తెచ్చింది. బోరు నీళ్ళు కాదు, డబ్బులు పెట్టి కొనుక్కున్న క్యాను నీళ్ళు. మేము తాగింది ఆమె ఇంటిల్లిపాదికీ ఆ పూటకు సరిపోయే నీళ్ళని క్యానులో మిగిలినది చూస్తే తెలిసింది. మా సీసా కూడా నింపబోతే వద్దన్నాము. "నీళ్ళకాడ వద్దనకూడదమ్మా" అని నింపింది. గిన్నెడు చన్నీళ్ళు ఇచ్చినవారికి ఫలము పోదని చిన్ననాటి నుండి వింటున్న మనకు, ఆ గిన్నె విలువ ఎంతో ఆ దినము తెలిసింది.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవారి ఇళ్ళు కూడా చూశాము. కొండ అడవిలో దొరికే నర్ది, బిక్కి వంటి కర్రను చెక్కి, నున్నగా ఆకురాయి పట్టి, పిడి మీద పువ్వులు తీరుస్తారు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మేము కొన్న గరిటెతోనే మా ఇంట పప్పు కలుపుతున్నాము.

బయలుదేరాలనుకునే కుటుంబాలకు నాలుగు మాటలు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకే ఈ దారులకు అనుకూలం. మార్చి దాటితే ఎండకు తట్టుకోలేరు. పంపు, సొల్యూషను, ట్యూబు ముక్కలు సంచిలో ఉండాలి. పిల్లలతో పోయేటప్పుడు లారీలు తిరిగే రహదారి మీద ప్రక్కప్రక్కన తొక్కవద్దు. ఒకరి వెనుక ఒకరు పోవాలి, పెద్దవాళ్ళు వెనుక ఉండాలి. వెనుక మడ్‌గార్డుకు మెరిసే ఎర్ర స్టిక్కరు తప్పనిసరి. ఆనకట్ట దిగువన నదిలోకి దిగవద్దు, గేట్లు ఎత్తితే నీరు క్షణాలలో పెరుగుతుంది. ఆనకట్ట మీదికి పోవాలంటే కాపలావారిని అడిగి, వారు వద్దంటే మారుమాట లేకుండా తిరిగి రావాలి.

ఇంకొక మాట. దారిలో టీ కొట్టు దగ్గర, చెట్టు క్రింద, మంద ప్రక్కన కనబడిన పెద్దవాళ్ళను పలకరించండి. "మీది ఏ ఊరు?" అని అడగండి. సోమశిల దగ్గర ఆ ప్రశ్నకు, పటంలో లేని ఊరి పేరు జవాబుగా రావచ్చు. ఆ పేరు మీ పిల్లలచేత పలికించండి. మేము మా చిట్టా మొదటి పేజీలో ఆ పెద్దాయన ఊరి పేరు వ్రాసుకున్నాము. ప్రతి కారు క్రొత్త బియ్యం ఇంటికి వచ్చినప్పుడు, భోజనానికి ముందు చేసే కృతజ్ఞతా ప్రార్థనలో ఆ ఊరినీ, ఇంకా నీటి కొరకు ఎదురుచూస్తున్న ఉదయగిరి మెట్టలోని ఆ తల్లి ఇంటినీ తలుచుకుంటున్నాము.