ఎల్క్‌హార్ట్‌లో మూడు రోజుల వారం

షికాగో నుంచి ఇండియానా టోల్ రోడ్డు మీద తూర్పుగా రెండు గంటలు పోతే ఎల్క్‌హార్ట్. మా అమ్మాయి కారు నడుపుతోంది. ఊరు ఇంకా రాకముందే ఆ ఊరి పనేమిటో కనబడింది. పొలాలను ఆనుకుని ఎకరాల కొద్దీ జాగాలో తెల్లటి బండ్లు బారులు తీరి ఉన్నాయి. లోపల మంచాలు, పొయ్యి, స్నానాలగది అన్నీ అమర్చిన ఇళ్లబండ్లు అవి. అక్కడివాళ్లు ఆర్వీలంటారు. అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో పదింట ఎనిమిది ఈ చుట్టుపక్కలవే.

ఆర్వీ లేకపోతే ఎవరి రోజూ ఆగదు. చేతిలో ఉద్యోగం, బ్యాంకులో అప్పు, అందుబాటులో పెట్రోలు ధర, మూడూ కుదిరితేనే కొంటారు. అందుకే దేశానికి మాంద్యం వస్తోందంటే ఇక్కడి ఆర్డర్లకు ముందే తెలిసిపోతుంది. 2008 చివరికి ఇక్కడ నిరుద్యోగం 15 శాతం దాటింది. అంతకు ఏడాది ముందు 5 శాతం కూడా లేదు. 2009 ఫిబ్రవరి 9న అప్పటి అధ్యక్షుడు ఒబామా తన ఆర్థిక ఉద్దీపన పథకం గురించి చెప్పడానికి ఈ ఊరికే వచ్చారు. ఆ తర్వాత నిరుద్యోగం 20 శాతం దాకా పాకింది. దాదాపు పదేళ్లకు 2 శాతానికి దిగింది, కంపెనీలకు మనుషులు దొరకలేదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ దెబ్బకు మళ్లీ 30 శాతానికి చేరువైంది. ఇంత ఎగుడుదిగుడు బతుకు ఏ కుటుంబానికైనా శిక్షే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తర్వాతి సంగతి. 2021లో దేశం మొత్తం మీద ఫ్యాక్టరీల నుంచి 6 లక్షల ఆర్వీలు బయటికి వెళ్లాయి. 2023లో 3 లక్షల 13 వేలే. అంటే ఇంచుమించు సగం. అయినా నిరుద్యోగం 2009లోలా పెరగలేదు. ఎందుకని?

మధ్యాహ్నం భోజనానికి ఆగినచోట పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒకాయన జవాబు చెప్పారు. ఏళ్ల తరబడి ఆర్వీలకు గోడలు బిగించే పని ఆయనది. తెల్లవారుజామున షిఫ్టు మొదలైతే మధ్యాహ్నానికల్లా ముగుస్తుందట. ఎన్ని బండ్లు పూర్తయితే అంత కూలి. "మమ్మల్ని తీసెయ్యలేదండీ. వారానికి మూడు రోజులే రమ్మన్నారు. ఇంటి వాయిదా మాత్రం నెలంతటికీ కట్టాలిగా" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

లెక్క తీసే వారంలో ఒక్క గంట కూలికి పనిచేసినా, ప్రభుత్వ గణాంకాల్లో ఆ మనిషి ఉద్యోగి కిందే జమ. అలా ఆయన సగం జీతం నిరుద్యోగ శాతంలో ఎక్కడా కనిపించదు.

ఆర్వీలే కాదు, ఒకప్పుడు ఈ ఊరికి బాకాలు, శాక్సఫోన్ల తయారీతోనూ పేరు వచ్చింది. ఆల్కా సెల్ట్‌జర్ మందుబిళ్ల పుట్టిందీ ఇక్కడే. ఆ చేతిపనీ ఆ మందుల పరిశ్రమా మునుపటి స్థాయిలో నిలిచి ఉంటే ఒక్క ఆర్వీ మీద ఇంత భారం పడేది కాదని నా నమ్మకం.

ఆ ఆర్వీ కార్మికుడిలా పూర్తి పని కావాలనుకుంటూ, అది దొరక్క తక్కువ గంటలతో సరిపెట్టుకునేవారిని కూడా కలిపే విస్తృత లెక్క ఒకటుంది. దాన్ని దేశానికీ రాష్ట్రాలకూ ప్రకటిస్తారు, ఎల్క్‌హార్ట్ లాంటి నగర ప్రాంతాలకు ప్రకటించరు. అన్నిటికంటే ముందు దాన్ని ప్రకటించాల్సింది ఇలాంటి ఊళ్లకే.